ఎక్స్‌రే అచ్చులు

బస్సు డ్రైవరు కెమెరాని పాత తువ్వాలులో చుట్టి తెచ్చాడు. కౌంటరు వెనక తమ్ముడు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. తువ్వాలు విప్పి చూపించగానే మాట ఆపకుండానే వెనక గది వైపు చెయ్యి ఊపాడు. కెమెరా లోపలి చక్రాలు, స్ప్రింగులు, అద్దాలు తమ్ముడి పని. పైన అంటించే తోలు అక్క పని. దుకాణానికి అలవాటు పడ్డవాళ్ళు తమ్ముణ్ణి గుండె డాక్టరనీ, అక్కని చర్మం డాక్టరమ్మనీ పిలిచేవాళ్ళు. ఆ పిలుపు విని తమ్ముడు ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేవాడు.

అక్క అప్పుడు ఒక మడత కెమెరా వీపు మీద పాత తోలు లేపుతోంది. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొట్టి, అంచు మెత్తబడగానే వెదురు చెక్కని కిందకి జొనిపి, పుండు మీది కట్టు విప్పినంత నెమ్మదిగా లాగుతోంది. తోలు కింద ఇత్తడి మేకుల తలలు చిలుము పట్టి ఉబ్బిపోయాయి. అందుకే పైనుంచి చూస్తే కెమెరాకి మొటిమలు లేచినట్టుంది.

"రావచ్చాండీ?" అన్నాడు డ్రైవరు గుమ్మంలో నిలబడి.

"రండి. ఆ స్టూలు మీది డబ్బా కింద పెట్టి కూర్చోండి. నేనిప్పుడు చెయ్యి వదిలితే ఇది మళ్ళీ అతుక్కుపోతుంది."

డ్రైవరు డబ్బాని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టి కూర్చున్నాడు. డ్యూటీ చొక్కా మీదే వచ్చాడు. కాసేపు ఆమె చేతుల వంకే చూశాడు.

"నేనో వెధవ పని చేశానమ్మా. సొంతంగా చేసుకుందామని రెడీమేడ్ తోలు తెప్పించాను. ప్యాకెట్లో కోసే వస్తుంది, వెనక కాగితం పీకి అంటించుకోవడమే అన్నారు."

"వెధవ పనేముంది అందులో. ఇప్పుడు చాలామంది అలాగే చేసుకుంటున్నారు."

"వాళ్ళకి కుదురుతోంది. నావి స్టీరింగు తిప్పే చేతులు. ఎంత చూసి అంటించినా ఒక పక్క ఇనుము కనిపిస్తోంది. నా చేతుల్లోనే తేడా ఉందని ఇంకోటి తెప్పించాను. అంటించకుండా ఊరికే పెట్టి చూశాను. అదీ అంతే."

పాత తోలు చివరి మూల కూడా ఊడి వచ్చాక అక్క దాన్ని కాగితం మీద పరిచి, చేతులు తుడుచుకుని, డ్రైవరు కెమెరా అందుకుంది. అతను చెప్పుకున్నంత మొరటుగా ఏమీ అంటించలేదు. బుడగల్లేవు, అంచులు లేవలేదు. లెన్సు చుట్టూ గుండ్రం సరిగ్గా కూర్చుంది. దాని పక్కన, ఫొటో తనంతట తానే పడేలా పెట్టుకునే టైమరు పుల్ల తిరిగే చోటే తేడా. పుల్ల కోసం కోసిన రంధ్రం గోరంత పక్కకి జరిగి ఉంది. ఒక వైపు నెలవంకలా లోహం బయటపడింది, రెండో వైపు పుల్ల తోలుని ఒరుసుకుంటోంది.

"మీ చేతుల తప్పు కాదు. కోతలోనే ఉంది" అంది.

"హమ్మయ్య. మా ఆవిడకి చెప్పాలి ఈ మాట."

రెండో ప్యాకెట్టులోంచి అతను అంటించని తోలు తీసిచ్చాడు. అక్క దాన్ని వెలుతురులో పెట్టి, అలవాటుకొద్దీ అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చింది. కింది మూల దగ్గరికి రాగానే వేలు ఆగిపోయింది. అక్కడ చిన్న నొక్కు ఉంది. చూడ్డానికి ఏమీ కాదు, చీమ కొరికినంత. ఆమె ఆ నొక్కుని మళ్ళీ తడిమింది.

లేచి ఇనప అలమర తెరిచి, ఆ రకం కెమెరా అచ్చు తీసింది. అక్క అచ్చులన్నీ పాత ఎక్స్‌రే ఫిల్ములతో కోసుకున్నవి. కాగితంలా నలగవు, కింద తోలు గీతలు కనిపిస్తాయి, కత్తికి ఆనుతాయి. ఈ అచ్చు అమ్మ మోకాలి ఎక్స్‌రేలోంచి కోసింది. అమ్మ ఎముకల మధ్యలోంచి లెన్సు రంధ్రం వెళ్ళింది. దాన్ని తెచ్చి డ్రైవరు తోలు మీద పెట్టింది. అంచుకి అంచు, మూలకి మూల కలిసిపోయాయి. టైమరు రంధ్రం దగ్గర తప్పుకి తప్పు కలిసింది. కింది మూలలో నొక్కుకి నొక్కు కలిసింది.

ఆ అచ్చు కోసినప్పుడు నమూనాకి పెట్టుకున్న కెమెరా అంతకుముందు ఎక్కడో కింద పడి ముందు రేకు వంగినది. అది ఆమెకి తర్వాత తెలిసింది. అప్పట్నించీ ఆ రంధ్రం మాత్రం అచ్చు ప్రకారం కొయ్యకుండా, తోలుని కెమెరా మీద పెట్టి కంటితో చూసి కోసేది. కింది నొక్కు కత్తి జారి పడింది. దాన్ని కూడా ప్రతిసారీ చెయ్యే సర్దుకునేది. ఆమె చేసి ఇచ్చిన ఏ కెమెరా మీదా ఆ రెండు తప్పులూ ఉండవు. అవి ఉన్నది ఈ ఒక్క ఫిల్ము ముక్క మీదే. ఈ ముక్క ఈ గదిలోంచి ఎప్పుడూ బయటికి పోలేదు.

"ఏంటమ్మా, అంత బాగా పాడు చేశానా?" అన్నాడు డ్రైవరు.

"లేదండీ. రెండు మూడు రోజులు ఉంచి వెళ్ళండి. మేక తోలు వేసి ఇస్తాను. ఈ ప్యాకెట్టు నా దగ్గర ఉంచుకోవచ్చా?"

"ఉంచుకోండి. దానితో నేనేం చేసుకుంటాను. నా బస్సు సీటుకి అతుకేసుకుందామన్నా చాలదు." అతను లేచి తువ్వాలు మడత పెట్టుకున్నాడు. "మొన్న సీటుకి కొత్త కవరేశారమ్మా. ఆ రోజునుంచీ ఒకటే నడుంనొప్పి. పాత కవరుకి నా నడుం తెలుసు."

ఆమె నవ్వింది. తను నవ్వినట్టు ఆమెకే వినిపించింది.

అతను వెళ్ళాక ప్యాకెట్టు మీది అక్షరాలు చదివింది. ఎప్పుడూ వినని కంపెనీ, వేరే ఊరు. వెనక వైపు చిన్న అక్షరాల్లో, తోలు మీద నీళ్ళు పడనివ్వద్దనే హెచ్చరిక కింద, తమ దుకాణం పేరుంది. 'వారి సౌజన్యంతో' అని.

ఆమెకి ముందు కలిగింది కోపం కాదు. ఎవరో తమ పేరు కూడా వాడేసుకుంటున్నారు, పాపం తమ్ముడికి తెలియదు, వెంటనే చెప్పాలి అనుకుంది. ప్యాకెట్టు పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

తమ్ముడు కంటికి భూతద్దం బిగించుకుని, షట్టరు రేకుల్ని పట్టకారుతో ఒక్కొక్కటే వరసలో పేరుస్తున్నాడు. ఉల్లిపొర కంటే పల్చటి రేకులు. అక్క ఊపిరి బిగపట్టి నిలబడింది. అతను ఆ పనిలో ఉన్నప్పుడు ఆమెకది అలవాటు.

"ఇది చూశావట్రా?"

"ఏంటది?"

"రెడీమేడ్ తోలు. నా అచ్చు చూసి కోశారు. మన దుకాణం పేరు కూడా వేశారు."

తమ్ముడు తల ఎత్తలేదు. "లేజరు మిషన్లు వచ్చాక ఎవడు పడితే వాడు కోసి అమ్ముతున్నాడక్కా. పట్టించుకోకు."

"దీనికి నా నొక్కు ఉంది."

"ఏం నొక్కు?"

"నా కత్తి జారిన నొక్కు."

"అలాగే కలిసిందేమో."

అక్క అతని చేతి వంక చూసింది. చిన్నప్పట్నించీ అతనికో అలవాటు. ఎవరి చేతిలో ఏమున్నా 'ఏదీ, ఇలా ఇయ్యి' అంటాడు. పగిలిన గాజు ముక్కైనా సరే, అరిగిన సెల్లయినా సరే, తిప్పి తిప్పి చూస్తేగానీ తిరిగివ్వడు. ఇప్పుడు ప్యాకెట్టు అతని మోచేతికి జానెడు దూరంలో ఉంది. దాన్ని అడగలేదు, దాని వైపు కన్నెత్తి చూడలేదు. పట్టకారులోంచి స్క్రూ జారి కింద పడింది. అతను బల్ల కిందకి వంగాడు. అది అతని కుర్చీ కాలు పక్కనే మెరుస్తోంది. నిలబడ్డ అక్కకే కనిపిస్తోంది. కానీ అతను చాలాసేపు వెతుకుతూనే ఉన్నాడు.

ఆమె అతను పైకి లేచేదాకా ఉండలేదు.

ఇల్లు దుకాణం మీదనే. మెట్లెక్కేసరికి మరదలు మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని మడతలు పెడుతోంది. అమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. అక్క కూడా మంచం పక్కన నిలబడి ఒక దుప్పటి కొస అందుకుంది. ఇద్దరూ రెండు వైపులా పట్టి దులిపి, దగ్గరికొచ్చి కొసలు కలిపారు. రోజూ చేసే పనే.

"ఒకటడుగుతాను చెప్పమ్మా. నా అచ్చులు ఎవరైనా అడిగి తీసుకెళ్ళారా?" అంది మరదలితో.

మరదలు చేతిలో దుప్పటి అలాగే ఉంది. "మీ తమ్ముడు చెప్పేశారా వదినా?" అంది. ఆమె ముఖం విప్పారింది. "ఎప్పుడు చెప్తారా అని నాకు ఒకటే గాబరా. మీ వేలు నయమయ్యాక చెప్తానన్నారు. మీతో మాట్లాడుతుంటే ఎక్కడ నోరు జారుతానోనని చచ్చిపోయాననుకోండి."

అక్క దుప్పటి నాలుగు మడతలు చేసింది. "ఎలా తీశారు?"

"స్కానరు మీద పెట్టే. నేనే కదా పట్టుకున్నాను జారిపోకుండా. మీరు చేతికి మైనం పట్టించుకోవడానికి వెళ్ళేవారు చూడండి, ఆ మధ్యాహ్నాలు. ఒకటి తీయడం, మళ్ళీ ఉన్న చోటే పెట్టేయడం. మీ వరస చెదిరితే మీకు కోపమని ఆయన ఎంత జాగ్రత్తగా..." అంటూ ఆమె అక్క ముఖం చూసి ఆగిపోయింది. "వదినా. ఆయన చెప్పలేదా?"

అక్క కుడిచేతి బొటనవేలి కీలు వాచినప్పుడు, వద్దు వద్దంటున్నా వినకుండా ఆ వైద్యానికి పంపింది తమ్ముడే. వెచ్చటి మైనంలో చెయ్యి ముంచి, పొర మీద పొర కట్టనిచ్చి, గుడ్డలో చుట్టి కూర్చోబెట్టేవాళ్ళు. పని మధ్యలో వదిలి వెళ్ళడం ఆమెకి నచ్చేది కాదు. అతనే గొడుగు పట్టి స్టాపుదాకా వచ్చేవాడు. బస్సెక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడేవాడు. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపేది. "ఈ రోజుల్లో ఇలా చూసుకునే తమ్ముళ్ళెక్కడున్నారండీ" అని మైనం పట్టే ఆవిడ అంటే, "మొదట్నించీ వాడంతే" అని ఈమె గొప్పగా చెప్పుకుంది. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పుకుంది. అది గుర్తొచ్చి ఆమెకి చెవులు వేడెక్కాయి. వెనక్కెళ్ళి ఆ మాట ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకోవాలనిపించింది.

"అమ్మా, నీకు తెలుసా?" అంది.

అమ్మ బఠాణీ కాయ చీల్చి గింజలు గిన్నెలోకి రాల్చింది. "అరవకండే. వాడు కిందే ఉన్నాడు."

ఎవరూ అరవలేదు.

"వాడు నీ కోసమే చేశాడు" అంది అమ్మ మళ్ళీ. "ఆ వేలితో ఎంతకాలం కోస్తావు? నువ్వు కొయ్యకపోయినా దుకాణం నడవాలి కదా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోనని తెలిసే చేశారన్నమాట."

అమ్మ వలిచిన తొక్కల్లో ఇంకా గింజలేమైనా మిగిలాయేమోనని వెతకడం మొదలుపెట్టింది. మరదలు ఎప్పుడో మడిచిన చొక్కాని విప్పి మళ్ళీ మడుస్తోంది. గది మూల బల్ల మీద స్కానరుంది. ఇంట్లో కాగితాల పనికి కొన్నామన్నారు. దుమ్ము పడుతోందని దాని మీద గుడ్డ కప్పింది అక్కే.

మర్నాడు పొద్దున్న ఆమె డ్రైవరు కెమెరా పని మొదలుపెట్టింది. అతను అంటించిన తోలు పీకేసి, దాని జిగురుని స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిచింది. వేలు సలుపుతోంది. లోహం తేటపడ్డాక మేక తోలు ముక్క తీసుకుని, అంచులు బోర్లించి కత్తిని పడుకోబెట్టి చెక్కసాగింది. అంచు పల్చగా ఉంటేనే లోహపు గట్టు పక్కన ఒదిగి కూర్చుంటుంది. మందంగా ఉంటే చెయ్యి తగిలి నెలలోనే లేచిపోతుంది. మామూలుగా ఈ పని చేస్తున్నంతసేపూ ఆమె, చెక్క గోడకి అవతల ఉన్న తమ్ముడితో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. అతను విన్నా, వినకపోయినా ఊఁ కొట్టేవాడు. ఆ రోజు రెండు వైపులా పనిముట్ల చప్పుడే వినిపించింది.

తమ్ముడు తనే చెప్తాడని చూసింది. కౌంటరు దగ్గర కుర్చీ జరిగిన ప్రతిసారీ ఆమె చెయ్యి ఆగేది. మధ్యాహ్నం అన్నం దగ్గర అతను, "ఆ డ్రైవరు కెమెరాకి లోపలేమైనా చూడాలా?" అని అడిగాడు. "అక్కర్లేదు" అంది. అతను ఇంకో రెండు ముద్దలు తిని లేచిపోయాడు.

ఆ సాయంత్రం రెడీమేడ్ తోళ్ళ కంపెనీ మనిషి ఒకతను అట్టపెట్టె మోసుకుంటూ దుకాణంలోకి వచ్చాడు. చెక్క గోడ వెనకనుంచి మాటలన్నీ అక్కకి వినిపిస్తున్నాయి.

"ఫోనులో చెప్పాను కదా సార్, ఇవన్నీ తిరిగొచ్చినవి. మిషను తప్పు అనుకున్నాం. చూస్తే అచ్చుల్లోనే ఉంది. ఒక రకానికి రంధ్రం పక్కకి, ఇంకోదానికి మూల పొడుగు. అన్నీ మీరు సొంతంగా కొలిచి కోసినవే అన్నారు కదా, ఇలా ఎలా వచ్చాయి సార్?"

తమ్ముడి గొంతు తగ్గింది. ఏదో సర్ది చెప్తున్నాడు. తర్వాత ఉన్నట్టుండి, టీకి పిలిచినంత మామూలుగా, "అక్కా, ఒకసారి ఇలా వస్తావా?" అన్నాడు.

ఆమె వేళ్ళకంటిన జిగురు తుడుచుకుంటూ వచ్చింది.

"మా అక్క" అన్నాడు తమ్ముడు ఆ మనిషితో. "కోతలో నాకు సాయంగా ఉంటుంది."

కంపెనీ మనిషి మర్యాదగా లేచి నమస్కారం పెట్టాడు. పెట్టె మూత తెరిచాడు. అందులో నల్ల తోళ్ళు, గోధుమరంగు తోళ్ళు దొంతర్లుగా ఉన్నాయి. ఆమె పైనుంచే పోల్చుకుంది. పైనున్న దాని మూల పొడుగెందుకొచ్చిందో తెలుసు. ఆ రోజు ఎక్స్‌రే ఫిల్ము ముక్క చాలక రెండు ముక్కలు టేపుతో అతికింది. దాని కింది దానిలో గుండ్రం కోలగా ఉంటుంది. అన్నిటినీ ఒక గంటలో విడదీసి, ఏది ఎంత దిద్దాలో చెప్పగలదు. ఇలాంటి పెట్టె తమ్ముడు నిన్న పొద్దున్న తన బల్ల మీద బోర్లించి, 'అక్కా, నీకు చెప్పకుండా ఒక పని చేశాను' అనుంటే, తిట్టుకుంటూ అయినా చెప్పుండేది.

"సార్ మీకు ఒకసారి చూపిస్తానన్నారు మేడమ్. ఎక్కడెక్కడ తేడా ఉందో మీ కంటికి తెలుస్తుందని" అన్నాడు కంపెనీ మనిషి.

తమ్ముడు ఆమె వంక చూస్తున్నాడు. రెండు రోజుల్లో అదే మొదటిసారి నేరుగా చూడడం. ఆ చూపులో బతిమాలడం ఉంది. దానికంటే ఎక్కువగా ఆమె కాదనదన్న ధీమా ఉంది.

"నాకెలా తెలుస్తుందండీ" అంది అక్క. "అచ్చులన్నీ మా తమ్ముడివే కదా."

"మీరు కూడా ఈ పనే చేస్తారని..."

"నేను సాయం మాత్రమే. కొలతలు ఆయన్నే అడగాలి."

తమ్ముణ్ణి ఆమె 'ఆయన' అనడం అంతవరకు ఎవరూ వినలేదు. అతని చెయ్యి బల్ల మీద ఉన్నది వెనక్కి వెళ్ళిపోయింది. కంపెనీ మనిషికి ఇందులో ఏమీ తేడా కనిపించలేదు.

"అయితే సార్, మీరే దిద్ది పంపించండి. అప్పటిదాకా మిషను ఆపేస్తాం. ప్యాకెట్టు మీద మీ దుకాణం పేరే ఉంది. మాట వస్తే మీకే వస్తుంది" అని పెట్టె అక్కడే వదిలి వెళ్ళాడు.

అక్క వెనక గదిలోకి వచ్చి కూర్చుంది. ఎముకతో చేసిన నున్నటి చెక్కతో తోలుని లోహానికి రుద్దడం మొదలుపెట్టింది. కాసేపటికి తమ్ముడు వచ్చి, డ్రైవరు కూర్చున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"పరాయివాడి ముందు నన్ను అలా నిలబెట్టేశావు" అన్నాడు.

"నువ్వు చెప్పిన మాటే నేనూ చెప్పాను."

"నాతో చెప్పుకోవచ్చు కదా. నిన్ననే తెలిసిందట కదా నీకు. అమ్మ చెప్పింది."

"నీకు తెలిసి ఎన్నాళ్ళయిందిరా?"

అతను మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నాడు. "నీ వేలు చూసే చేశానక్కా. రేపు నువ్వు కత్తి పట్టుకోలేకపోతే ఏంటి గతి? ఎవరు చూస్తారు నిన్ను? నేనే కదా."

"చూడమని ఇంకా అడగలేదు."

"అడిగేదాకా ఆగాలా?"

"చెప్పేదాకా అయినా ఆగాల్సింది."

అతని గొంతు మారింది. "నాదొక్కటే తప్పని అనుకోకు. నిన్న వాళ్ళు ఫోనులో ఆ తప్పుల సంగతి చెప్పినప్పట్నించీ నాకు లోపల రగిలిపోతోంది. ఇన్నేళ్ళూ తప్పుడు అచ్చులు పెట్టుకుని పని చేశావంటే ఏంటర్థం? ఎవరైనా కాపీ కొడితే పట్టుబడాలని పెట్టుకున్నావు. ఎవరు కొడతారని? ఈ గదిలోకి వచ్చేది నేనొక్కణ్ణే. అంటే నువ్వు నన్ను ముందునుంచీ నమ్మలేదు."

అక్క రుద్దడం ఆపింది. అతని కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. నటన కాదు. తమ్ముడి ఏడుపు రకాలన్నీ ఆమెకి తెలుసు. అతను నిన్నంతా, ఈ రోజంతా ఆ బల్ల దగ్గర కూర్చుని ఈ మాటని కూడబలుక్కున్నాడు. అక్క తనని అనుమానించింది కాబట్టి తను చేసింది అంత పెద్ద తప్పేమీ కాదు. ఆమె ఔనంటే అతను తేలికపడి మెట్లెక్కి పైకి పోతాడు.

"ఆ తప్పులు నాకు తెలుసు కాబట్టి దిద్దుకోలేదు" అంది ఆమె నెమ్మదిగా. "నా అచ్చు వాడేది నేనే కదా అనుకున్నాను. ఇంకొకళ్ళు వాడతారన్న ఊహే నాకు రాలేదురా."

తమ్ముడు ఆమెని చూశాడు. స్టూలు పక్కనున్న డబ్బా మూత సరిగా లేకపోతే దాన్ని సరిచేశాడు.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడు దిద్ది ఇవ్వు. పేరు పోతుంది."

"ఇవ్వను."

"అక్కా."

"నా పేరుంటే నాకు సిగ్గేసేది. దాని మీద ఉన్నది నీ దుకాణం పేరు."

కౌంటరు దగ్గర ఎవరో పిలిస్తే అతను లేచి వెళ్ళాడు. వెళ్తూ గుమ్మం తెర వేసి వెళ్ళాడు. ఆ తెర పగటిపూట ఎప్పుడూ వేసేవాళ్ళు కాదు.

డ్రైవరు వచ్చేసరికి కెమెరా సిద్ధంగా ఉంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, టైమరు పుల్ల మీటి, అది బుర్రుమంటూ తిరిగి టక్కుమనేదాకా చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పుల్ల ఎక్కడా తోలుని తాకలేదు.

"మా ఆవిడకి నేనే చేశానని చెప్తాను. మీరేమీ అనుకోకండి" అన్నాడు.

అది ఊరికే అన్న సరదా మాట. ఆమె మాత్రం బల్ల మీది తోలు తుక్కుని చేత్తో పోగుచేసింది. "చెప్పండి. ఆవిడ నమ్మదు" అంది చివరికి.

తోలు పల్చగా చెక్కించుకోవడానికి ఆమె వెళ్ళే పుస్తకాల బైండరు ఒకాయన రెండు వీధుల అవతల ఉన్నాడు. ఆయన గదిలో సగం చాలాకాలంగా ఖాళీగా పడుంది. పాత పుస్తకాల కట్టలు ఒక గోడకి జరిపితే కిటికీ కింద ఆమె బల్ల పట్టింది. "జిగురు వాసన మీకూ పడుతుంది, నాకూ పడుతుంది. ఇంకేం కావాలి" అన్నాడు ఆయన. సామాను రెండు విడతల్లో తరలించింది. కత్తులు, ఎముక చెక్క, జిగురు సీసాలు, చిన్న బిగింపు చట్రం, సగంలో ఉన్న మడత కెమెరా, అలమరలోని ఎక్స్‌రే ఫిల్ములు. మరదలు ఏమీ అడక్కుండా వచ్చి ఒక సంచీ అందుకుంది. వీధి మలుపుదాకా మోసి, "నేను పట్టుకోకుండా ఉండాల్సింది వదినా" అంది. స్కానరు సంగతే అంటోందని అక్కకి అర్థమైంది. సంచీ తీసుకుని, "ఎండ ఎక్కింది, ఇంటికెళ్ళు" అంది. కౌంటరు దాటి వెళ్తున్నప్పుడు తమ్ముడు తల ఎత్తలేదు. పట్టకారులో ఏమీ లేకపోయినా దాన్ని కంటి దగ్గరే పెట్టుకున్నాడు.

బైండరు తన పని ముగించుకుని తొందరగా ఇంటికి పోయే మనిషి. ఆమె సామాను పెట్టుకోవడానికి ఒక చెక్క బీరువా ఇచ్చాడు. ఆమె ఆ మధ్యాహ్నం సామాన్ల కొట్టుకి వెళ్ళి తాళంకప్ప అడిగింది. ఏ రకం, ఎంత పెద్దది అంటే వెంటనే చెప్పలేకపోయింది. ఇంతవరకు ఆమె తాళం కొన్నది లేదు. కొట్టతను ఒక ఇత్తడి కప్ప తీసి, రెండు మూడుసార్లు వేసి తీసి చూపించి, వలయంతో సహా చేతిలో పెట్టాడు.

"రెండు చెవులుంటాయమ్మా. ఒకటి ఇంట్లో ఇచ్చి ఉంచండి. ఇది పోయినా అది ఉంటుంది."

ఆమె తలూపింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అందరూ వంటింట్లో కూర్చుని ఉన్నారు. ఇల్లు మారలేదు కాబట్టి అన్నం ఇక్కడే తినాలి. కాళ్ళు కడుక్కుని వచ్చి తన పీట మీద కూర్చుంది. మరదలు వడ్డించింది. తమ్ముడు ఎదురుగా, ముఖం కంచంలో పెట్టుకుని తింటున్నాడు. అతని చొక్కా జేబులో పట్టకారు అలాగే ఉంది, మర్చిపోయి పైకి తెచ్చినట్టున్నాడు.

"కొత్త చోటు ఎలా ఉంది?" అంది అమ్మ.

"వెలుతురు బాగుంది."

"తాళం కొన్నావట. బైండరు చెప్పాడు, దుకాణానికి వచ్చి." అమ్మ నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి చెయ్యి చాపింది. "రెండోది ఇలా ఇయ్యి, గూట్లో పెడతాను. నీకు మతిమరుపు, ఎక్కడో పారేసుకుంటావు."

అమ్మ అరచెయ్యి ఆమె ముందు తెరుచుకుని ఉంది. ఈ చేతికి ఆమె తన సంపాదన ఇచ్చింది, జ్వరం వస్తే నుదురు ఇచ్చింది. ఏది అడిగినా ఎందుకని అడక్కుండా ఇచ్చింది. చెవులు రెండూ ఆమె చీర కొంగు ముడిలో ఉన్నాయి. కూర్చున్నప్పుడు ఒకదానికొకటి తగిలి చప్పుడైంది కూడా.

"ఒకటే ఇచ్చాడమ్మా" అంది.

తమ్ముడు ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. తల ఎత్తి అక్కని చూశాడు. తాళాలూ, పళ్ళచక్రాలూ విప్పి బిగించే మనిషి అతను. ఏ కప్పకి ఎన్ని చెవులుంటాయో అతనికి తెలియకపోదు. ఆమె కూడా అతన్నే చూసింది, చూపు తిప్పుకోలేదు.

"ఒకటే ఇస్తారా ఎక్కడైనా" అంది అమ్మ, చెయ్యి ఇంకా అలాగే ఉంచి. "నువ్వు చెప్పరా."

"కొన్నిటికి ఒకటే వస్తుందమ్మా" అన్నాడు తమ్ముడు.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మరదలు ఇంకొంచెం అన్నం పెట్టబోతే అక్క చాలని చెయ్యి అడ్డం పెట్టి, ఉన్నది కలుపుకుని తినడం మొదలుపెట్టింది.